కల్లంలో కొత్త బండి

మా అమ్మ ఫోన్లో ముందు వానల సంగతి చెప్పింది. తర్వాత పత్తికి పట్టిన తెగులు సంగతి చెప్పింది. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు, పక్క ఊరి డ్రైవరు సాయిబుగారు పోయారటే" అంది. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. స్టవ్ ఆపేసి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎనిమిదేళ్ళుగా లోపల ఎక్కడో అణిగి ఉన్న భయం. ఆయన బతికున్నన్నాళ్ళూ ఏదో ఒకరోజు ఆ బండి రోడ్డెక్కుతుందని, నేను చెప్పిన మాట తప్పు కాదని తేలుతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఇక తేలే దారి లేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకి నచ్చదు. కాగితం మీద తన పేరు కనిపించిందంటే దాని కింద ఎవరో సంతకం అడుగుతారని ఆయన నమ్మకం. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన డ్రైవరుగారు. నేను మొదట్లో 'అండీ' అంటే, "అండీ ఏందమ్మా, మీ నాన్నా నేనూ ఒక బీడీ చెరిసగం కాల్చినోళ్ళం, బాబాయ్ అను" అన్నారు. అప్పట్నుంచి బాబాయే.

చిలకలూరిపేటలో ఒక పొగాకు వ్యాపారి అంబాసిడర్ కారుని బాబాయ్ ఇరవై ఏళ్ళు నడిపారు. కిరాయికి తిరిగే బండి. ఆ బండి మీద ఉన్నప్పుడు ఆయనకి భయమన్న మాట తెలియదు. నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా మా నాయనమ్మకి కడుపునొప్పి వస్తే గుంటూరు తీసుకెళ్ళడానికి వచ్చారు. దారిలో వాగు రోడ్డు మీదికొచ్చింది. అటు రెండు లారీలు, ఇటు ఒక బస్సు ఆగిపోయి ఉన్నాయి. బాబాయ్ ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి నీళ్ళలో అవతలి దాకా నడిచివెళ్ళి, వెనక్కొచ్చి, తడి చేతులు తలకి తుడుచుకుని, "పెద్దమ్మా, కళ్ళు మూసుకో" అని బండి దూకించారు. నీళ్ళు తలుపుల కిందనించి లోపలికొచ్చి మా చెప్పులు తేలాయి. మేము కేకలు పెడుతుంటే ఆయన నవ్వుతున్నారు. అవతలికెళ్ళాక మా నాన్న, "భయం వెయ్యలేదా నీకు?" అని అడిగితే ఆయన ఎప్పుడూ అనే మాటే అన్నారు. "బండి ఓనరుది, రోడ్డు గవర్నమెంటుది. భయపడటానికి మనదేవుంది?"

ఆ మాట ఆయన ఎన్ని వందలసార్లు అన్నారో. టైరు పేలినప్పుడు, పోలీసులు ఆపినప్పుడు, కనిగిరి వైపు గుంతల్లో స్ప్రింగు విరిగినప్పుడు ఆ మాట అని బీడీ వెలిగించేవారు. మేమంతా ఆ మాట విని నవ్వేవాళ్ళం.

నేను డిగ్రీ పూర్తిచేశాక గుంటూరులో ఉద్యోగానికి చేరాను. పెద్ద ఉద్యోగమేమీ కాదు. ఒక కార్ల షోరూములో, అద్దాల గోడ పక్కన, అప్పులిచ్చే కంపెనీ వాళ్ళ టేబుల్ ఒకటుండేది. దాని వెనక కూర్చుని ఫారాలు నింపడం, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టడం నా పని. నెలకి ఇన్ని అప్పులు కుదర్చాలని లెక్క ఉండేది. అది దాటితే జీతం కాక కొంత వచ్చేది. దాటని నెలలే ఎక్కువ.

మిరప కోతలు మొదలైన రోజుల్లో ఒక మంగళవారం బాబాయ్ షోరూము మెట్లెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నన్ను చూసి ఆయన ముఖంలో ధైర్యం వచ్చింది. "మన వైపు పిల్లవి ఉన్నావంటే వచ్చానమ్మా" అన్నారు.

సంగతేమిటంటే, అంబాసిడర్ ఓనరు ఎండాకాలం దాటాక కారు అమ్మేస్తానని చెప్పేశారు. బాబాయ్‌కి యాభై దగ్గరపడింది. ఆ వయసులో కొత్త ఓనరు ఎవరూ పెట్టుకోరు. సొంత బండి కొని కిరాయికి తిప్పుకోవాలి, లేకపోతే ఇల్లు గడవదు. ఆయనకి ఎకరన్నర చేను ఉంది. రెండేళ్ళ మిర్చి అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో దాచుకుని ఉన్నారు. ఆ ఏడాది రేటు బాగుంది. మొత్తం అమ్మేస్తే ఏడుగురు పట్టే డీజిల్ బండి రొక్కంగా వచ్చేస్తుంది, కానీ చేతిలో ఇక గింజ మిగలదు. సగం లోపు అమ్మి, మిగతాది మా కంపెనీలో అప్పు తీసుకుంటే బస్తాలు కొన్ని ఇంటికి అండగా ఉంటాయి, కానీ మూడేళ్ళు నెలనెలా కట్టాలి. ఈ రెండిట్లో ఏది? ఇది తేల్చుకోవడానికి ఆయన ప్రతి మంగళవారం వచ్చారు. రెండున్నర నెలలు వచ్చారు.

కుర్చీలో పూర్తిగా కూర్చునేవారు కాదు, అంచు మీద కూర్చునేవారు. ప్రతిసారీ అవే ప్రశ్నలు.

"ఒక్క నెల తప్పితే ఏం చేస్తారమ్మా?"

"ఉత్తరం వస్తుంది బాబాయ్."

"రెండు నెలలు?"

"మనిషి వస్తాడు."

"మూడు?"

నేను కాగితాలు సర్దుకునేదాన్ని. ఆయన తలాడించి, షోరూము వాళ్ళిచ్చిన కాఫీ తాగి, కొత్త బండి దగ్గరికెళ్ళి చేతులు వెనక కట్టుకుని చుట్టూ తిరిగేవారు. ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. పేటలో ఎవరికి ఏ బండి కావాలన్నా ఈయన్నే తీసుకెళ్ళి, ఇంజన్ మీద చెయ్యి పెట్టించి, ఆయన ఊఁ అంటేనే కొనేవాళ్ళు. అలాంటి మనిషి.

ఒకరోజు నేనే అడిగాను. "వడ్డీ గురించా బాబాయ్ మీ సందేహం? మీలో తప్పంటారు కదా."

"తప్పేనమ్మా" అన్నారు. "ఆ తప్పు అల్లా దగ్గర తలొంచుకుని ఒప్పుకుంటా. అడుక్కుంటే ఆయన వింటాడు. నా భయం అది కాదు, ఇదీ." టేబుల్ మీదున్న చెక్కుల పుస్తకం వైపు చూపించారు. అప్పు తీసుకునేవాళ్ళ దగ్గర నెలకొకటి చొప్పున ముప్పై ఆరు చెక్కులు ముందే సంతకం పెట్టించి తీసుకునేవాళ్ళం. "నేను ఒక్క సంతకం పెట్టాలంటే ఊపిరి బిగబట్టుకుని పెడతా. ముప్పై ఆరు సార్లు నన్ను నేను రాసిచ్చేసి, ఇంటికెళ్ళి ఎట్టా పడుకునేదమ్మా?"

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వాగులోకి కారు దూకించిన మనిషి ఈయనేనా అనిపించింది. ఆయన్ని చూసి మొదటిసారి నాక్కూడా భయం పుట్టింది.

తర్వాతి మంగళవారం వచ్చి, "మీరు పట్టుకొచ్చిన బండ్లు యాడ పెడతారో చూపిస్తావా?" అని అడిగారు.

కంతులు కట్టని వాళ్ళ బండ్లు పెట్టే స్థలం ఊరి బయట ఉండేది. చుట్టూ ఎత్తు గోడ, ఇనుప గేటు. కాగితాల్లో దాని పేరు రోజూ రాసేదాన్నే కానీ ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళాలని లేదు. చూపించనంటే అనుమానం పెరుగుతుందని ఒప్పుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఆటోలో వెళ్ళాం. వాచ్‌మన్ నా ముఖం చూసి గేటు తీశాడు.

లోపల ఆటోలు, జీపులు, కార్లు వరసలుగా ఉన్నాయి. చక్రాల మధ్య గడ్డి మొలిచింది. మనుషుల అలికిడి లేని చోటు. బాబాయ్ ఒక్కో బండి దగ్గర ఆగి అద్దంలోంచి లోపలికి తొంగిచూశారు. ఒకదాంట్లో పసిపిల్ల చెప్పు ఒకటి. ఒకదాంట్లో అద్దం దగ్గర దుర్గమ్మ ఫొటో, దానికి ఎండిపోయిన మల్లెలు. మరోదాంట్లో ఆసుపత్రి చీటీలు. బండి లాక్కున్నప్పుడు సామాను తీసుకునే టైము కూడా ఇవ్వరని నాకు అప్పుడే తెలిసింది. చివర్న ట్రాక్టర్లు ఉన్నాయి. నేను అటు చూడలేదు.

ఒక తెల్ల జీపు దగ్గర ఆయన ఆగిపోయారు. "ఇది అద్దంకి అతందమ్మా. నాకు తెలుసు." వెనక సీటు మీద టిఫిన్ క్యారేజీ ఉంది. మూత తీసి లేదు. "అన్నం కూడా తిననియ్యలా" అన్నారు. తలుపు లాగి చూశారు, తాళం వేసి ఉంది. లోపల ఎవరో నిద్రపోతున్నట్టు అద్దం మీద వేలితో మెల్లిగా తట్టారు.

ఆ జీపు పక్కనే నిలబడి ఆయన నాతో చెప్పారు. "మీ నాన్న ట్రాక్టరు పట్టుకెళ్ళిన రోజు నేను రోడ్డు మీదే ఉన్నానమ్మా."

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా మా ట్రాక్టరు అప్పులవాళ్ళు పట్టుకెళ్ళారు. పత్తి పురుగుకి పోయిన ఏడాది అది. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. పోయిందని తెలుసు, ఎలా పోయిందో తెలియదు.

"చేలోంచి, దున్నుతుండంగనే తీసుకెళ్ళారు. మీ నాన్న దాని ఎనకమాలే నడుచుకుంటా హైవే దాకా వచ్చాడు. చెప్పుల్లేవు. నేను బండి ఆపి, ఎక్కన్నా అని పిలిచా. నన్ను చూడలా. ట్రాక్టరు కనపడకుండా పోయిందాకా నిలబడ్డాడు. నిలబడి, ఎనక్కి తిరిగి నడిచాడు." "నీకు తెలుసనుకున్నానమ్మా."

నేను తల అడ్డంగా ఊపాను.

"సరే. మీ నాన్న వచ్చి అడిగితే ఏం చెబుతావో అది చెప్పు నాకు. అప్పా? రొక్కమా?"

"రొక్కమే కట్టెయ్యండి బాబాయ్" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన బిగబట్టుకున్న ఊపిరి బయటికి వదిలారు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికెళ్తూ, నా జీతం సంగతి చూసుకోకుండా ఒక మనిషిని కాపాడానని గర్వపడ్డాను. మా నాన్నని కాపాడినట్టే ఉంది. అది సలహా కాదని, నా వణుకే ఆయన చేతిలో పెట్టానని ఆ రోజు తెలియదు.

మిర్చి మొత్తం అమ్మేశారు. బండి అప్పగించే రోజున షోరూము వాళ్ళు దండ వేసి, తాళంచెవి ఇచ్చి, ఫొటో తీశారు. ఆ ఫొటోలో బాబాయ్ తాళంచెవిని రెండు చేతుల్తో పట్టుకుని ఉంటారు. "కాగితాల్లో ఇంకెవరి పేరూ లేదు గదమ్మా?" అని మూడుసార్లు అడిగారు. లేదని మూడుసార్లు చెప్పాను. గంటలో వెళ్ళాల్సిన ఊరికి ఆయన పొద్దుగూకేటప్పటికి చేరారట. సైకిళ్ళు దాటిపోయాయని మా ఊరివాళ్ళు కథలుగా చెప్పుకున్నారు.

ఆ ఏడాది చివర నాకు పెళ్ళైంది. ఉద్యోగం మానేసి ఒంగోలు వెళ్ళాను. మళ్ళీ మిరప సీజనులో పుట్టింటికి వచ్చినప్పుడు బాబాయ్ ఊరికి వెళ్ళాను. బండి ఎలా తిరుగుతోందో చూద్దామని.

బండి కల్లంలో ఉంది. చుట్టూ ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మధ్యలో మిరపరాశుల మీద కప్పే పట్టా ఒకటి కప్పి బండి నిలబెట్టి ఉంది. పొద్దున్నే బాబాయ్ వచ్చి, మంచు ఆరిందో లేదో చేత్తో తడిమి చూసి, రాశుల మీది పట్టాలతోపాటు దాని మీది పట్టా కూడా తీసి మడతపెట్టారు. సాయంత్రం మంచు పడకముందు మళ్ళీ కప్పుతారట. గాలాడకపోతే సరుకు బూజు పడుతుంది కదా, అందుకని నాలుగు అద్దాలూ వేలెడు కిందికి దించి ఉంచారు. మిర్చికి ఏమేం చేస్తారో బండికీ అవన్నీ చేస్తున్నారు.

"బయటికి తియ్యట్లేదా బాబాయ్?"

"తీస్తానమ్మా. హైవే పనులు జరుగుతున్నాయి గదా, కంకర లేస్తంది. అవి అయిపోనీ."

"బీమా ఉందిగా."

"బీమావాళ్ళు బండికి డబ్బులిస్తారు. రెండేళ్ళ మిర్చి నాకు మళ్ళీ ఎవరు పండిస్తారు?"

నన్ను ఎక్కించుకుని ఊరి చివర తారురోడ్డు దాకా నడిపారు. ఎక్కిన నిమిషానికి నాకు తుమ్ములు మొదలయ్యాయి. సీట్ల గుడ్డలో, కాళ్ళ కింద, గాలి వచ్చే రంధ్రాల్లో అంతా మిరపధూళి. ఆయనకి అది తెలియట్లేదు, పుట్టినప్పట్నుంచీ ఆ ఘాటులోనే ఉన్న మనిషి. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. పక్కకి చూస్తే స్టీరింగు మీద ఆయన చేతులు తెల్లబడేంత గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. ఎదురుగా ఒక ఎడ్లబండి వస్తే ఇంజన్ ఆపేశారు. అది దాటి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ వణకని చేతులు అవి.

ఒకే ఒక్కసారి ఆ బండి కిరాయికి వెళ్ళింది. పేటలో ఒక పెద్ద కుటుంబం వాళ్ళు వేటపాలెంలో పెళ్ళిచూపులకని మాట్లాడుకున్నారు. వాళ్ళకి బాబాయ్ అంటే గురి, ఆయన కాదనలేకపోయారు. ఏడుగురూ పట్టుబట్టల్లో ఎక్కారు. అద్దాలు మూసి ఫ్యాను వేశారు. వీధి మలుపు తిరగకముందే పెళ్ళికొడుకు తుమ్మాడు. ఆగి, కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరారు. ఈసారి పెళ్ళికొడుకు తల్లి తుమ్మింది, మేనమామ తుమ్మాడు, ఆ తర్వాత ఎవరు తుమ్ముతున్నారో తెలియలేదు. శుభకార్యానికి బయల్దేరుతూ ఒక్క తుమ్ముకే కాళ్ళు కడుక్కుని కూర్చునే ఊళ్ళు మావి. ఏడుగురు తుమ్మితే ఎవరు కదులుతారు? దిగిపోయారు. ఆ సంబంధం కూడా వద్దనుకున్నారట. చూడని పిల్ల మీద ఎంత నింద పడిందో అని మా అమ్మ బాధపడింది. పేట సెంటర్లో దానికి తుమ్ముల బండి అని పేరొచ్చింది, ఇక ఎవరూ పిలవలేదు.

తర్వాత బాబాయ్ నాకు కనబడినప్పుడు ఈ సంగతి ఆయనే చెప్పారు. సిగ్గుపడతారేమో అనుకున్నాను. ఆయన ముఖంలో ఎన్నాళ్ళకో చూసిన తేట ఉంది. "వేటపాలెం పోయి రావాలంటే ఎన్ని లారీలు ఎదురొస్తాయో తెలుసా? బతికిపోయానమ్మా" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఇది బాగుపడే విషయం కాదని.

అమ్మెయ్యమని చాలామంది చెప్పారు. కొన్న రేటు రాదని భయం. సీట్లు మార్పించమన్నారు. విప్పితే ఏం పాడుచేస్తారోనని భయం. ఆయన మాత్రం పనిలేకుండా లేరు. ఎవరి డ్రైవరైనా సెలవు పెడితే ఆ రోజుకి వాళ్ళ కారు నడపడానికి వెళ్ళేవారు. ఆ కార్లలో మళ్ళీ పాత మనిషే. ఘాట్ రోడ్లూ, వానలూ, గుంతలూ ఏవీ పట్టేవి కావు. పిలుపు నెలకి నాలుగు రోజులు వచ్చేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. చివరి రోజు కూడా ఎవరినో కనిగిరి తీసుకెళ్ళి తీసుకొచ్చి, కారు కడిగి అప్పగించి, ఇంటికొచ్చి టీ తాగి పడుకున్నారట. లేవలేదు.

మూడో రోజున అమ్మతో కలిసి వెళ్ళాను. కల్లం పక్కనించే దారి. బండి అక్కడే ఉంది, చక్రాలు మట్టిలోకి దిగిపోయాయి. అమ్మ బయట ఆడవాళ్ళ దగ్గర ఆగింది. నేను లోపలి గదిలోకి వెళ్ళి పిన్ని పక్కన చాప మీద కూర్చున్నాను. మిర్చి అంతా అమ్మేసిన ఏడాది నించే పిన్ని కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. తెల్లవారకముందే ఆటో ఎక్కి, పొద్దుగూకాక దిగేది. ఇల్లు ఆ పని మీదే గడిచింది. ఎనిమిదేళ్ళు. వేళ్ళ చివర్లు గీతల్లేకుండా నున్నగా అరిగిపోయి, ఎర్రగా ఉన్నాయి.

"నన్ను తిట్టు పిన్నీ, రొక్కం కట్టమని చెప్పింది నేనే" అన్నాను.

పిన్ని నా వైపు చూసింది. కోపం లేదు. "తెలుసమ్మా. నీ మాటని ఎప్పుడూ మంచిగానే చెప్పేవాడు" అంది. చాలాసేపు చాప అంచు సరిచేసింది. "కానీ ఆ రోజు నువ్వు అప్పు ఇప్పించి ఉంటే బాగుండేది. నెలకి కట్టకపోతే వచ్చి పట్టుకెళ్తారన్న భయానికైనా దాన్ని రోడ్డెక్కించేవాడు."

ఆమె కళ్ళు నిండాయి. మూడు రోజులుగా పనికి వెళ్ళలేదు, చేతులు శుభ్రంగా ఉన్నాయి. అయినా వేళ్ళు కళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. తల వంచి మోచేతి మడతలో తుడుచుకుంది.